కొత్త కంప్యూటర్ల రోల్‌అవుట్‌లో డబ్బు పోయేది పెట్టె విప్పిన దగ్గర్నుంచి

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇదీ. హైదరాబాద్‌లో హెడ్ ఆఫీసు, పటాన్‌చెరు వైపు ఒక ప్లాంటు, రెండు రాష్ట్రాల్లో 40 దాకా బ్రాంచీలు, అన్నీ కలిపి 3,000 కంప్యూటర్లు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి మార్చక తప్పదు. ఫైనాన్స్ వాళ్ళేమో బడ్జెట్‌లో మూడో వంతు తగ్గించమన్నారు. తక్కువ ధర మోడల్‌కి వెళ్ళాలా, వెండర్ ఇన్‌స్టలేషన్ ఛార్జీ మీద బేరమాడాలా, ఆటోపైలట్ (కొత్త మెషీన్ తనంతట తానే సెటప్ అయ్యేలా చేసే మైక్రోసాఫ్ట్ సదుపాయం) లాంటిది పెట్టుకోవాలా అని అడిగారు. ప్లాంటులో మార్చడానికి వీల్లేని 60 పాత మెషీన్లు ఉన్నాయన్నారు, వాటి సంగతి చివర్లో చెప్తాను.

ఎక్స్‌పీ నుంచి విండోస్ 7కి మారిన రోజుల నుంచీ నేను ఈ పనిలోనే ఉన్నానండి. ప్రతిసారీ మీటింగ్‌లో అందరి దృష్టీ ల్యాప్‌టాప్ ధర మీదే ఉంటుంది. ధర కొటేషన్ మీద అచ్చయి ఉంటుంది కాబట్టి అందరికీ కనిపిస్తుంది. పెట్టె గోడౌన్‌లో దిగిన దగ్గర్నుంచి ఉద్యోగి ఆ కొత్త మెషీన్ మీద మొదటి మెయిల్ పంపేదాకా అయ్యే ఖర్చు ఏ కాగితం మీదా ఉండదు. అందుకే అది తగ్గదు.

ముందు ఒక్క రోజు కేటాయించి, మీ ఇప్పటి పద్ధతిలో ఒకే ఒక్క మెషీన్ వెంట నడవండి. పెట్టె విప్పారు, అసెట్ స్టిక్కర్ అంటించారు, సీరియల్ నంబర్ ఎక్సెల్‌లో కొట్టారు, నెట్‌వర్క్ కేబుల్ పెట్టి ఎఫ్12 నొక్కి ఇమేజ్ (విండోస్, సెట్టింగులు కలిపి ముందే తయారుచేసిన కాపీ) వేశారు, డొమైన్‌లో (కంపెనీ ఖాతాలూ మెషీన్లూ ఉండే జాబితాలో) చేర్చారు, ఆ డిపార్ట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఎక్కించారు, మళ్ళీ పెట్టెలో పెట్టి కొరియర్‌కి ఇచ్చారు. అక్కడ బ్రాంచిలో ఇంకొకరు విప్పారు, పాత మెషీన్‌లోంచి డేటా కాపీ చేశారు, ప్రింటర్ కలిపారు, పాతదాన్ని తిరిగి పంపారు. ఒక్కో మెషీన్ మీద పది, పన్నెండు సార్లు చెయ్యి పడుతుంది. ఒక్కోదానికి అంతా కలిపి 4 గంటలు పడుతుందనుకోండి. 3,000 మెషీన్లకు 12,000 గంటలు. నెలకు 22 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన ఒక ఇంజనీరుకి 176 గంటలు. అంటే 68 మనిషి నెలలు. నలుగురు ఇంజనీర్లున్నారన్నారు కదా, వాళ్ళు ఇంకే పనీ ముట్టుకోకుండా ఇదే చేసినా 17 నెలలు. ఇక మెషీన్ మారే రోజు ఉద్యోగి పూట పని పోగొట్టుకుంటే అది ఇంకో 12,000 గంటలు. ఆ గంటల జీతం ఐటీ బడ్జెట్‌లో పడదు గానీ కంపెనీ జేబులోంచే పోతుంది.

కాబట్టి నా సమాధానం మొత్తం ఒకే దారిలో ఉంటుంది. ధర మీద కాదు, ఎన్నిసార్లు చెయ్యి పడుతోందన్న దాని మీద పని చేయండి. వెండర్ ఇన్‌స్టలేషన్ ఛార్జీని మెషీన్‌కి ఓ వంద రూపాయలు తగ్గించుకోవడం కంటే, ఆ ఇన్‌స్టలేషన్ అన్న పనే అవసరం లేకుండా చేసుకోవడం మేలు.

అంతకంటే ముందు, 3,000 మెషీన్లూ నిజంగా మార్చాల్సినవేనా? విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేరే నడిచేలా చూసేది), ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి. 2018 తర్వాత కొన్న బిజినెస్ మోడళ్ళలో చాలా వాటికి ఇవి ఉంటాయి. టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మూల సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. స్కాన్ రిపోర్టులో అలాంటి మెషీన్ 'పనికిరాదు' అనే వస్తుంది, అది అలాగే కొనుగోలు లిస్టులోకి వెళ్ళిపోతుంది. నేను పనిచేసిన ఒక చోట మార్చాలని రాసిన వాటిలో నాలుగో వంతు దాకా ఇలా బయోస్ సెట్టింగ్‌తో, లేదా హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టడంతో బయటపడ్డాయి. పెద్ద బ్రాండ్ల బిజినెస్ మెషీన్లకు బయోస్ సెట్టింగులు దూరం నుంచే మార్చే టూల్స్ ఆ బ్రాండ్ వాళ్ళే ఇస్తారు, ఒక్కోదాని దగ్గరికి వెళ్ళి కూర్చోనక్కర్లేదు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు పెరగడం మీ కొటేషన్లలోనే కనిపిస్తూ ఉంటుంది. ఇలాంటప్పుడు కొనకుండా మిగిల్చిన ప్రతి మెషీన్ విలువ ఇంకా ఎక్కువ.

ఇక కొనాల్సిన వాటి గురించి. ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడేనని నా నమ్మకం, గొడవ ఎక్కువగా జరిగేది కూడా ఇక్కడే. ఆఫీసు పనికి ఒక మోడల్, డెవలపర్లకీ డిజైన్ వాళ్ళకీ ఒక మోడల్. అంతే, మూడోది వద్దు. ఫలానా డైరెక్టర్ గారికి సన్నటిది కావాలి, సేల్స్ హెడ్‌కి టచ్ స్క్రీన్ కావాలి అని వస్తారు. ఒక్కో కొత్త మోడల్ వచ్చిందంటే ఒక డ్రైవర్ల సెట్, ఒక బయోస్ అప్‌డేట్ వరస, ఒక టెస్టింగ్, ఒక రకం ఛార్జర్, ఒక రకం స్పేర్లు అదనంగా వచ్చినట్టే, అదీ నాలుగైదేళ్ళ పాటు. రెండే మోడళ్ళు ఉంటే, ఎవరి మెషీన్ పాడైనా అల్మారాలోంచి ఒక స్పేర్ తీసి పావుగంటలో ఇచ్చేయొచ్చు. ఎనిమిది మోడళ్ళు ఉంటే ఆ అల్మారాలో మీకు కావాల్సింది తప్ప మిగతావన్నీ ఉంటాయి.

పేరు ఒకటైనంత మాత్రాన మోడల్ ఒకటే అనుకోకండి. ఒకే పేరుతో జూన్‌లో వచ్చిన లాట్‌లో ఒక వైఫై కార్డు, అక్టోబర్ లాట్‌లో ఇంకొకటి వచ్చిన సందర్భాలు నాకు తగిలాయి. రెండో లాట్‌లో వైఫై పనిచేయక, కారణం తెలియడానికే రెండు రోజులు పోయాయి. ఆర్డర్ అంతా పూర్తయ్యేదాకా లోపలి భాగాలు మారకూడదని, మారితే ముందుగా రాతపూర్వకంగా చెప్పాలని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించండి. దుకాణాల్లో అమ్మే సిరీస్ కాకుండా బిజినెస్ సిరీస్ తీసుకోమనేది ఇందుకే.

తక్కువ ధర మోడల్ సంగతి అడిగారు. 8 జీబీ ర్యామ్, అదీ బోర్డుకి సోల్డర్ చేసి వచ్చేది అయితే దయచేసి వద్దు. టీమ్స్ కాల్, బ్రౌజర్‌లో పది ట్యాబులు, పెద్ద ఎక్సెల్, వెనకాల సెక్యూరిటీ ఏజెంట్, ఇవన్నీ ఒకేసారి నడవాలి. రెండో ఏడాదికే హెల్ప్‌డెస్క్‌కి 'స్లోగా ఉంది' కాల్స్ మొదలవుతాయి, మూడో ఏడాది మళ్ళీ మార్చమంటారు. 16 జీబీ ఉన్నది తీసుకుని ఒక ఏడాది ఎక్కువ వాడుకోండి. ఎడిషన్ కూడా చూడండి, విండోస్ ప్రో అయ్యుండాలి. హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు, ఆటోపైలట్‌కీ పనికిరాదు. చౌకగా వచ్చిందని హోమ్‌తో తెచ్చి, తర్వాత ఒక్కోదానికి ప్రో లైసెన్స్ కొనుక్కున్న వాళ్ళున్నారు.

ఇప్పుడు ఇమేజ్ వేసే పద్ధతి. నా మొదటి పెద్ద రోల్‌అవుట్‌లో అన్ని సాఫ్ట్‌వేర్లూ నింపిన పెద్ద ఇమేజ్‌లు చేశాం, డిపార్ట్‌మెంట్‌కి ఒకటి చొప్పున పదకొండు. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. అంటే నెల తిరిగేసరికి పదకొండూ పాతవైపోయేవి, మళ్ళీ తెరిచి, అప్‌డేట్ చేసి, సిస్‌ప్రెప్ (ఆ మెషీన్ సొంత గుర్తులు తీసేయడం) చేసి, క్యాప్చర్ చేయాలి. ఆ తొందరలో ఒకసారి యాంటీవైరస్ ఏజెంట్ సర్వర్‌లో రిజిస్టర్ అయ్యాక ఇమేజ్ తీశాను. ఏజెంట్ ఐడీ ఇమేజ్‌తో పాటే అన్నింటిలోకీ వెళ్ళింది. 200 మెషీన్లు కన్సోల్‌లో ఒకే మెషీన్‌గా కనిపించాయి. ఏది సురక్షితంగా ఉందో ఏది లేదో మాకు తెలియని ఆ పది రోజుల టెన్షన్ నాకింకా గుర్తుంది. ఒక్కో సీటు దగ్గరికీ వెళ్ళి ఏజెంట్ తీసేసి మళ్ళీ వేశాం.

అప్పటి నుంచి నేను ఇమేజ్‌లో ఏమీ నింపను. విండోస్ మాత్రమే, అదీ బ్రాండ్ వాళ్ళు ఫ్యాక్టరీలో వేసి ఇచ్చేది, అనవసరపు ట్రయల్ సాఫ్ట్‌వేర్లు లేకుండా. మిగతావన్నీ మెషీన్ ఆన్ అయ్యాక నెట్‌వర్క్ మీద నుంచి దిగాలి. ఆటోపైలట్ చేసేది ఇదే. మెషీన్ హార్డ్‌వేర్ గుర్తు ముందే మీ కంపెనీ ఖాతాలో నమోదై ఉంటుంది. ఉద్యోగి పెట్టె విప్పి, వైఫై కలిపి, ఆఫీసు మెయిల్ ఐడీతో లాగిన్ అయితే, అది మీ కంపెనీ మెషీనని గుర్తుపట్టి, ఇన్‌ట్యూన్ (కంపెనీ మెషీన్లను దూరం నుంచి నిర్వహించే మైక్రోసాఫ్ట్ సేవ) నుంచి పాలసీలూ సాఫ్ట్‌వేర్లూ తెచ్చుకుంటుంది. ఇంజనీరు చెయ్యి ఒక్కసారి కూడా పడదు. గోడౌన్‌లో దించి మళ్ళీ పంపే రెండో కొరియర్ ఖర్చు కూడా ఉండదు, వెండర్ దగ్గర్నుంచి నేరుగా బ్రాంచికి వెళ్తుంది.

లైసెన్స్ ఖర్చు అంటారేమో. ముందు మీ దగ్గర ఉన్న లైసెన్సులు చూడండి. మైక్రోసాఫ్ట్ 365 ఇ3, ఇ5, బిజినెస్ ప్రీమియం, వీటన్నింటిలో ఇన్‌ట్యూన్ ఉంది. మెయిల్ కోసమని ఇ3 కొని, ఏళ్ళ తరబడి ఇన్‌ట్యూన్ తెరిచి చూడని కంపెనీలు నాకు చాలా తెలుసు. ఇప్పటికే డబ్బు కట్టిన వస్తువు అది.

ఆటోపైలట్‌లో దెబ్బతినే చోట్లు మూడు ఉన్నాయి. మొదటిది ఆ నమోదు. మెషీన్లను మీ ఖాతాలో వెండరే నమోదు చేసి పంపాలని పర్చేజ్ ఆర్డర్‌లో ఉండాలి. మరిచిపోతే మీ కుర్రాళ్ళే ప్రతి పెట్టే విప్పి, షిఫ్ట్ ఎఫ్10 నొక్కి, పవర్‌షెల్ స్క్రిప్ట్ నడిపి హ్యాష్, అంటే ఆ హార్డ్‌వేర్ గుర్తు, తీయాలి. తప్పించుకోవాలనుకున్న పనే మళ్ళీ నెత్తిన పడుతుంది. రెండోది, కొత్త మెషీన్లను పాత యాక్టివ్ డైరెక్టరీ డొమైన్‌లోనూ కలపాలనే పట్టుదల. హైబ్రిడ్ జాయిన్ అనే ఆ పద్ధతిలో మెషీన్‌కి మొదటి లాగిన్‌కే డొమైన్ కంట్రోలర్ (లాగిన్లు సరిచూసే ఆఫీసు సర్వర్) కనిపించాలి, బ్రాంచిలో వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి సురక్షితమైన దారి) లేకుండా అది కుదరదు. కొత్త మెషీన్లను నేరుగా ఎంట్రా ఐడీలో (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో ఉండే ఖాతాల జాబితాలో) మాత్రమే చేర్చమని మైక్రోసాఫ్టే చెప్తోంది. ఎంట్రాలో మాత్రమే ఉన్న మెషీన్ నుంచి కూడా పాత ఫైల్ సర్వర్ తెరుచుకుంటుంది, యూజర్ ఖాతాలు సింక్ అయి, తెరిచే సమయానికి ఆఫీసు నెట్‌వర్క్ అందుతూ ఉంటే చాలు. ఇది తెలియక భయంతో హైబ్రిడ్‌కి వెళ్ళి నెలలు పోగొట్టుకుంటారు.

మూడోది, మొదటి లాగిన్‌లోనే అన్ని సాఫ్ట్‌వేర్లూ దిగాలని పెట్టడం. ఆ సెటప్ స్క్రీన్‌కి మామూలుగా ఉండే గడువు 60 నిమిషాలు. ఇరవై సాఫ్ట్‌వేర్లు అందులో కుక్కితే ఎక్కడో ఒకటి ఆగి, ఉద్యోగికి ఎర్రర్ కనిపిస్తుంది. సెక్యూరిటీ ఏజెంట్, వీపీఎన్, ఆఫీస్, ఈ మూడింటికే ఆపండి. మిగతావి వెనకాల దిగుతూ ఉంటాయి.

బ్రాంచీల ఇంటర్నెట్ గురించి కాస్త ఆగి చెప్పాలి. హైదరాబాద్‌లో కూర్చుని డిజైన్ చేసేవాళ్ళు దీన్ని మరిచిపోతారు. బ్రాంచిలో 20 ఎంబీపీఎస్ లైన్ ఉంది, పది మెషీన్లు ఒకే రోజు విప్పారు, ఒక్కోటి 8 జీబీ దించుకోవాలి. మొత్తం 80 జీబీ. లైనంతా దానికే ఇచ్చినా దాదాపు 9 గంటలు. ఆ రోజు ఆ బ్రాంచిలో బిల్లు కూడా కొట్టలేరు. డెలివరీ ఆప్టిమైజేషన్ అని విండోస్‌లోనే ఒక సదుపాయం ఉంది. ఒక మెషీన్ దించుకున్న ముక్కల్ని పక్క మెషీన్లు దాని దగ్గర్నుంచే తీసుకుంటాయి. ఇన్‌ట్యూన్‌లో పాలసీ పెట్టడమే, అదనపు ఖర్చు లేదు. బ్రాంచికి రోజుకి ఒకటి రెండు మెషీన్లే విప్పమనండి, మొదటిది పూర్తిగా దిగాక మిగతావి. మరీ సన్న లైన్లున్న చోట్లకు వెళ్ళేవాటిని మాత్రం హైదరాబాద్‌లోనే ప్రీ ప్రొవిజనింగ్ చేసి పంపండి. అంటే బరువైన సాఫ్ట్‌వేర్లు ఇక్కడే ఎక్కించి సీల్ చేస్తారు, ఉద్యోగి లాగిన్ ఒక్కటే అక్కడ మిగులుతుంది. అన్నింటికీ ఒకే పద్ధతి ఉండాలన్న పంతం వద్దు.

అసలు ఉద్యోగి పూట పోయేది డేటా దగ్గర. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌కి మళ్ళించే పాలసీని మెషీన్లు రాకముందే, ఆరేడు వారాల ముందు పెట్టేయండి. నెమ్మదిగా పైకి ఎక్కుతుంది. కొత్త మెషీన్‌లో లాగిన్ కాగానే అన్నీ అక్కడే ఉంటాయి. అయినా మన ఆఫీసుల్లో కొన్ని మిగులుతాయి. డీ డ్రైవ్‌లో 40 జీబీ పీఎస్‌టీ ఫైలు (అవుట్‌లుక్ పాత మెయిళ్ళు దాచేది), అకౌంట్స్‌లో లోకల్‌గా పెట్టుకున్న ట్యాలీ డేటా, డిజిటల్ సిగ్నేచర్ యూఎస్‌బీ టోకెన్ డ్రైవర్లు, పాత బ్రౌజర్‌లో తప్ప తెరుచుకోని ఏదో పోర్టల్, హెచ్‌ఆర్‌లో తెలుగు సర్క్యులర్లు కొట్టే ఆయన దగ్గరున్న అను ఫాంట్లు, ఆయన వేళ్ళకి అలవాటైన కీబోర్డ్ లేఅవుట్. ఇవేవీ అధికారిక సాఫ్ట్‌వేర్ లిస్టులో ఉండవు. మార్చిన మర్నాడు 'నా పని ఆగిపోయింది' అని వచ్చే ఫోన్లు ఎక్కువగా వీటి గురించే. పాత పోర్టళ్ళకి ఎడ్జ్‌లో ఐఈ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్ ఉంది, కనీసం 2029 వరకు ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మిగతావాటికి ముందే వెళ్ళి అడగడం తప్ప దారి లేదు.

అందుకే పైలట్‌ని, అంటే ముందుగా కొద్దిమందితో చేసే పరీక్షని, మాత్రం కోయకండి. ఐటీ వాళ్ళ మీదే పైలట్ చేసి అంతా బాగుందనుకుంటారు. మీరు అకౌంట్స్ నుంచి ఒకరు, ప్లాంటు స్టోర్స్ నుంచి ఒకరు, దూరపు బ్రాంచి నుంచి ఇద్దరు, హెల్ప్‌డెస్క్‌కి ఎక్కువ ఫోన్లు చేసేవాళ్ళలో ఒకరు, ఇలా ఓ యాభై మందిని ఎంచుకోండి. మూడు వారాలు ఆగండి. ఒక నెలాఖరు మధ్యలో వచ్చేలా చూసుకోండి, ఎందుకంటే నెలాఖరు రిపోర్టుల్లో తప్ప బయటపడని మాక్రోలు కొన్ని ఉంటాయి.

తేదీలు కూడా డబ్బే. జీఎస్టీ రిటర్నులు ఎక్కువగా 11న, 20న ఉంటాయి, ఆ చుట్టుపక్కల అకౌంట్స్ మెషీన్లు ముట్టుకోవద్దు. మార్చి నెల అసలు వద్దు. సంక్రాంతి వారంలో కోస్తా బ్రాంచీల్లో తీసుకోవడానికి మనిషే ఉండడు, కొరియర్ డబ్బాలు సెక్యూరిటీ గార్డు దగ్గర పడుంటాయి.

బ్రాంచి వాళ్ళకిచ్చే సూచనల కాగితం తెలుగులో రాయించండి, ప్రతి స్క్రీన్ ఫోటోతో, ఒకే పేజీ. ఇది చిన్న విషయంగా తీసేయకండి. ఇంగ్లీషులో ఆరు పేజీల పీడీఎఫ్ పంపిన చోట బ్రాంచి మేనేజర్ పెట్టె అలాగే ఉంచి 'ఎవరైనా వచ్చి చేయండి' అన్నారు. తెలుగు కాగితం పంపాక స్టోర్స్‌లో పనిచేసే ఆవిడే సొంతంగా చేసుకుని, పక్క ఇద్దరికీ చేసి పెట్టారు. ఒక ఇంజనీరు రానూపోనూ రైలు, లాడ్జి, రెండు రోజులు మిగిలాయి. ఆవిడకి కలిగిన ధైర్యం నాకు అంతకంటే ఎక్కువ సంతోషమిచ్చింది.

పాత మెషీన్లు: కొత్తది చేతికిచ్చినప్పుడే పాతది తీసుకునే ఏర్పాటు చేయండి. 'డేటా చూసుకుని పంపుతాం' అన్నవి ఆరు నెలలు అక్కడే ఉంటాయి, బైబ్యాక్ ధర నెలనెలా పడిపోతూ ఉంటుంది. అదే పెట్టెలో తిరిగి పంపమనండి, ప్యాకింగ్ ఖర్చు కలిసొస్తుంది. డిస్కులు తుడిచిన సర్టిఫికెట్ సీరియల్ నంబర్ వారీగా తీసుకోండి. పనికిరానివి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ వేస్ట్ నిబంధనల ప్రకారం రిజిస్టరైన వాళ్ళకే వెళ్ళాలి. ఎక్కువ ధర ఇస్తానన్న పాత సామాన్ల వ్యాపారికి ఇస్తే రేపు ఇబ్బంది మీకే. ఆటోపైలట్‌లో ఉన్న మెషీన్ అమ్మేటప్పుడు మీ ఖాతాలోంచి తీసేయడం మరవకండి, లేకపోతే కొన్నవాళ్ళకి మీ కంపెనీ లాగిన్ స్క్రీన్ వస్తుంది.

బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకి తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీలు అన్నీ ఎంట్రాలోకి చేరుతున్నాయో లేదో పైలట్‌లోనే చూడండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా 85 లక్షల విండోస్ మెషీన్లు ఆగిపోయినప్పుడు, కీలు చేతిలో ఉన్న టీములు గబగబా లేపుకున్నాయి, లేనివాళ్ళు ఒక్కో మెషీన్ దగ్గర చిక్కుకుపోయారు.

ఇక ఆ 60 ప్లాంటు మెషీన్లు. వే బ్రిడ్జికీ, ల్యాబ్ పరికరాలకీ కలిపినవి అన్నారు, తయారీదారు విండోస్ 11కి డ్రైవర్ ఇవ్వడంలేదన్నారు. వీటికి ఈఎస్‌యూ, అంటే డబ్బు కట్టి తీసుకునే సెక్యూరిటీ అప్‌డేట్లు ఉన్నాయి. కంపెనీలకు మొదటి ఏడాది మెషీన్‌కి 61 డాలర్లు, ఏటేటా రెట్టింపు. మూడేళ్ళకు 61, 122, 244, మొత్తం 427 డాలర్లు. రెండో ఏడాది చేరినా మొదటి ఏడాదిదీ కట్టాలి. మెషీన్ విండోస్ 10 22హెచ్2 వెర్షన్‌లో ఉండాలి. 3,000కీ ఇది తీసుకుని వాయిదా వేద్దామని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. కానీ డబ్బు కట్టేముందు ఆ 60 దగ్గరికీ వెళ్ళి రన్‌లో విన్‌వెర్ (winver) అని కొట్టి చూడండి. పరికరంతో పాటు వచ్చిన మెషీన్లలో తరచుగా ఎల్‌టీఎస్‌సీ, అంటే ఫీచర్లు మారకుండా ఏళ్ళ తరబడి సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చే, ఎడిషన్ ఉంటుంది. ఎల్‌టీఎస్‌సీ 2019 అయితే 2029 జనవరి దాకా, ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 అయితే 2032 జనవరి దాకా అప్‌డేట్లు వస్తాయి, పైసా కట్టకుండా. మామూలు ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 మాత్రం 2027 జనవరితోనే ఆగిపోతుంది, పేరు జాగ్రత్తగా చదవండి. ఏ ఎడిషన్‌వి ఎన్ని ఉన్నాయో ఇక్కడ రాస్తే, ఏవి వదిలేయొచ్చో, ఏవి నెట్‌వర్క్‌లో విడిగా పెట్టాలో కలిసి చూద్దాం.